ఇద్దరు పట్టే దోమతెర

కరుగు నెల, మొదటి సోమవారం

డెంగీ సూది కూడా అయిపోయింది. పచ్చజ్వరానిది పోయిన వారమే వేశారు. ఎడమ భుజం ఉడకబెట్టిన బంగాళాదుంపలా ఉబ్బి వేడిగా ఉంది. చలివాడలో పుట్టి పెరిగిన ఒంటికి ఇంత వేడి తగలడం ఇదే మొదలు. ఉడుకుసీమ ఇలాగే ఉంటుందేమో అనుకుని, భుజాన్ని చేత్తో పట్టుకుని ఆసుపత్రి బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఎదురుగా గోడ మీద ఎనిమిది బొమ్మల పలక. పై వరస నాలుగూ దోమవి: డెంగీ, పచ్చజ్వరం, మలేరియా, మెదడువాపు. కింది వరసలో కలరా, టైఫాయిడ్, కామెర్లు, చివర్న పళ్ళు చూపిస్తున్న కుక్క. జబ్బులు ఎనిమిది, ఇప్పటి టీకాలకు ఒక్కో ఒంటిలో చోటు నాలుగింటికే. ఐదోది వేస్తే మొదటి నాలుగూ వదులైపోతాయి. అందుకే ఉడుకుసీమకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. పై వరస వేయించుకుంటే దోమ వాటా, కింది వరస వేయించుకుంటే నీటి వాటా. దోమ వాటా మనిషి బురదలో దిగి మడ మొక్కలు నాటుతుంది. నీటి వాటా మనిషి ఒళ్ళంతా ముసుగు వేసుకుని పాడుపడ్డ ఊళ్ళ బావుల్లోంచి నీళ్ళు తెచ్చి, కాచి, వండి, ముందు తను తిని, తర్వాత రెండో మనిషికి పెడుతుంది. మిగతా వేళంతా దోమతెరలోనే. ఒకరి చేతి ముద్ద ఒకరు తినాలి, ఒకరు మూసిన తెరలో ఒకరు పడుకోవాలి. దాన్నే జంట అంటాం.

నాది దోమ వాటా, హైమది నీటి వాటా. ఈ మాట మేమిద్దరం పాలపళ్ళు ఊడే రోజుల్లోనే అనుకున్నాం. మా తాతల ఊళ్ళు మునిగిపోయిన తీరంలో మళ్ళీ అడవి లేపుతామని, ఆ అడవిలో ఇద్దరం ఒకే తెర కింద ఉంటామని.

"కళ్ళు తిరుగుతున్నాయేటే?" అని అడిగాడు కాంపౌండరు మావయ్య. పేరు మృత్యుంజయం. ఆ పేరు పెట్టుకుని ఈ ఉద్యోగం చేయడం ఆయన తప్పు కాదు.

"లేదు మావయ్యా. మిగతా రెండూ ఎప్పుడు?"

"అమావాస్య దాటాక. నీ కోపానికి కూడా ఒక టీకా వేద్దునే తరంగిణీ, చోటే లేదు."

కరుగు నెల, మొదటి గురువారం

ఈ వారం మా వీధి కప్పుల మీద మంచు దించే వంతు నాది, హైమది. నేను పార పట్టుకుని పైన, అది నా నడుముకి కట్టిన తాడు పట్టుకుని కింద. పని సగంలో ఉండగా కింద నుంచి అంది.

"తరంగీ, నేను జంట వేరేవాళ్ళతో చెప్పుకున్నాను."

తాడు దాని చేతిలోనే ఉంది. ఆ మాట చెప్పడానికి నేను కప్పు మీద ఉన్నప్పుడే వీలు చూసుకుంది. దిగి మీద పడలేను కదా.

"ఎవరితో?"

"పైడప్పతో."

పైడితల్లి. రెండేళ్ళ కింద ఉడుకుసీమ వెళ్ళి వచ్చిన మనిషి. దోమ వాటా సూదులన్నీ అప్పుడే పడ్డాయి, మళ్ళీ వేయించుకునే పని లేదు. ఎండకి కమిలిన ముఖం ఊరంతా చూపించుకుంటూ తిరుగుతుంది. అప్ప అట, అప్ప. నాకు తెలియకుండా అక్కచెల్లెళ్ళు కూడా అయిపోయారు.

"ఎందుకు?" అన్నాను.

"నీకు కోపమొస్తే తలుపు బార్లా తెరిచి వదిలేసి పోతావే. పోయిన మంచులో గాలివానప్పుడు అలాగే పోయావు, మా అమ్మకి చలిజ్వరం వచ్చింది. ఇక్కడ తలుపు. అక్కడ తెర. నువ్వు తెర అలాగే తెరిచి పోతే నేను చస్తాను."

మంచు పెళ్ళ ఒకటి దాని పక్కన పడేలా తోశాను. మీద పడేలా కాదు, పక్కనే. అది కదల్లేదు, తాడు వదల్లేదు. నేను దిగేదాకా పట్టుకునే ఉంది. అదే నాకు మరీ మండింది.

కరుగు నెల, రెండో ఆదివారం

ఉమ్మడి వంటశాలలో పైడితల్లి దర్బారు. ప్రయాణం వాళ్ళందరూ చుట్టూ మూగి జాగ్రత్తలు అడుగుతున్నారు. హైమ దాని మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"దోమ ఎలాగుంటాది అప్పా?" అని ఎవరో అడిగారు.

"పగటి దోమ సోకుల దోమే. కాళ్ళకి తెల్ల పట్టీలు పెట్టుకుని వస్తాది. రాత్రి దోమ మన కాంపౌండరు లాగ, చెవి దగ్గర పాడి మరీ సూదేస్తాది."

అందరూ నవ్వారు. హైమ అందరికన్నా ఎక్కువ నవ్వింది. అది అలా వెనక్కి వాలి నవ్వడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

"పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకోండి, లేత రంగువి. నీళ్ళు గలగల మరిగినాక కూడా కాసేపు మరగనియ్యాల. ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు నడుముకి కట్టుకోండి. ఏ పండైనా నీ చేత్తో తొక్క తీసినదే తిను. మంచుగడ్డ ఇస్తే ముట్టుకోకు."

"అక్కడ మంచు ఎవరిస్తారు?" అన్నాను.

"ఓడ వంటవాడు ఇస్తాడు, సరసానికి," అంది పైడితల్లి, నా వైపు చూసి కన్ను గీటి. మళ్ళీ నవ్వులు.

నేను ఉడుకుసీమ గురించి వచ్చిన ప్రతి కరపత్రమూ చదివాను. మడ వేరు ఎలా ఊపిరి తీసుకుంటుందో తెలుసు, ఉప్పునీరు ఎంత దూరం లోపలికి వచ్చిందో తెలుసు. ఒక్కరు నన్ను అడగలేదు. ఒకసారి దోమ చేత కుట్టించుకున్న చర్మం ముందు నా చదువంతా కాగితమే అయిపోయింది.

తర్వాత పైడితల్లి అంబలి గిన్నెలోంచి ఒక గుక్క తాగి హైమకి అందించింది. అలవాటు చేసుకుంటున్నారట. వాటాల ప్రకారం చూసినా అది తప్పు. ముందు రుచి చూడాల్సింది నీటి వాటా మనిషి, హైమ. నేను లేచి ఆ మాట అందరి ముందూ చెప్పాను.

"నిజమేనే," అంది పైడితల్లి, నవ్వుతూనే. "అక్కడికి వెళ్ళాక నువ్వుంటే బాగుణ్ణు, తప్పులు పట్టడానికి."

కరుగు నెల, అమావాస్య మరునాడు

నిన్న సాయంత్రం, జంటలే వద్దనే నిండు మనిషి సంఘం వాళ్ళ పాత కరపత్రాలన్నీ తీసి మళ్ళీ చదివాను. "జంట అనేది ఓడ యజమానులు కనిపెట్టిన గొలుసు. సగం మనిషిని చేసి, మిగతా సగం కోసం చేయి చాపిస్తారు. ప్రతి మనిషీ తనంతట తాను నిండుగా ఉండాలి." ఇంతకు ముందు ఈ వాక్యాలు చదివినప్పుడు తల ఊపి పక్కన పెట్టేదాన్ని. నిన్న ఒక్కో అక్షరం నా కోసమే రాసినట్టు కనిపించింది.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి, "మలేరియా, మెదడువాపు వద్దు. కలరా, టైఫాయిడ్ వెయ్యండి," అన్నాను.

మావయ్య కళ్ళద్దాలు పైకి తోశాడు. "పై వరసలో రెండు, కింది వరసలో రెండా? అలాగెవరూ వేయించుకోరే."

"అందుకే వేయించుకుంటున్నాను."

"రాత్రి దోమ కుడితే ఏం చేస్తావు? కామెర్లొస్తే ఏం చేస్తావు? నీకు అతికే జంట ఊళ్ళో ఎవరుంటారు?"

"నాకు జంట అక్కర్లేదు. నేను నిండు మనిషిని."

"నిండు మనిషివి కావే, నాలుగు వైపులా చిల్లులున్న బుట్టవి అవుతావు. ఒక రాత్రి ఆలోచించుకో."

"నా ఒళ్ళు. నా చోటు. వేస్తారా, సంఘానికి ఉత్తరం రాయనా?"

వేశాడు. పెద్దాయన దూది అద్దేటప్పుడు నా ముఖం చూడలేదు. బయటికి వస్తుంటే గర్వంగా ఉంది. హైమకి ఈ సంగతి ఎవరో ఒకరు చెబుతారు. విని అది ఏమనుకుంటుందో ఊహించుకుంటూ మూడు వీధులు నడిచాను. ఏ ఊహలోనూ అది ఏడవలేదు.

నావ నెల, మొదటి బుధవారం

రేవులో మంచు పగులుతున్న చప్పుడు ఊళ్ళోకి వినిపిస్తోంది. నీళ్ళ దారి తెరుచుకోగానే ఓడ బయల్దేరుతుంది. ఎక్కేవాళ్ళందరికీ ఈ రోజు రక్తం చుక్క పరీక్ష. వేలు పొడిచి చుక్క తీసి పట్టీ మీద వేస్తారు. టీకా నిలిచినచోట పట్టీ నీలంగా మారుతుంది.

నా పట్టీ మీద నాలుగు నీలాలు, నాలుగు తెలుపులు. హైమది కింది వరసంతా నీలం. పైడితల్లి నవ్వుకుంటూ వేలు చాపింది.

మలేరియా నీలం. మెదడువాపు నీలం. డెంగీ తెలుపు. పచ్చజ్వరం తెలుపు.

మావయ్య రెండోసారి పొడిచాడు. మళ్ళీ అంతే.

"పోయిన పర్యాయం వేసినవి కదమ్మా. రాత్రి దోమవి నిలిచాయి. పగటి దోమవి పోయాయి."

"మళ్ళీ వేసేయండి మరి," అంది పైడితల్లి.

"పాతది పోయినా దాని చోటు ఖాళీ అవ్వడానికి ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు వేస్తే ఉన్నవి కూడా పోతాయి. నువ్వు ఎక్కలేవు. నీతో జంట చెప్పుకున్న పిల్ల కూడా ఎక్కలేదు."

మొదటిసారి ఆ మనిషి ముఖంలో నవ్వు లేకపోవడం చూశాను. నా లోపల ఏదో గంతేసింది. దాచి ఏం లాభం, పండగలా ఉంది.

నావ నెల, మొదటి శుక్రవారం

హైమ వచ్చింది. గుమ్మంలో నిలబడి బూట్లకున్న మంచు దులుపుకుంటూ అడిగింది. "తరంగీ, నాకు దోమ వాటా మనిషి కావాలి. నువ్వు వస్తావా?"

ఈ మాట కోసమే నేను ఇన్ని రోజులూ పళ్ళు నూరుకున్నాను.

"నావి రెండే ఉన్నాయి. పగటివి," అన్నాను.

"మిగతా రెండు?"

చెప్పాను. అది కోప్పడలేదు. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

"నా మీద పంతానికా?"

"సిద్ధాంతానికి."

"ఏ సిద్ధాంతమే? నేను పైడప్పతో వెళ్తానని చెప్పిన రోజు నుంచీ పుట్టిన సిద్ధాంతమా?"

"ఈ ఏడాది ఇద్దరం ఇక్కడే ఉందాం. వచ్చే ఏడు చూద్దాం," అన్నాను.

"వచ్చే ఏడుకి నా టీకాలు నిలుస్తాయో లేదో చూశావుగా," అని లేచి వెళ్ళిపోయింది. పైడితల్లి ఇంటి వైపు.

నావ నెల, రెండో ఆదివారం

ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. మొన్న ఆసుపత్రి పలక ముందు నిలబడితే కనిపించింది. చూడకూడదనుకున్నా కనిపించింది.

పగటి దోమవి నా దగ్గర ఉన్నాయి. రాత్రి దోమవి పైడితల్లి దగ్గర ఉన్నాయి. పగలు నేను బురదలో ఉంటే అది తెరలో పడుకోవచ్చు. రాత్రి అది చెలమల దగ్గర కాపలా కాస్తూ మొక్కలకి నీళ్ళు మళ్ళిస్తుంటే నేను తెరలో ఉండవచ్చు. ఇద్దరం కలిస్తే ఒక దోమ వాటా. హైమ ఇద్దరికీ వండుతుంది. తెర ఇద్దరికి పడుతుంది, ఏ వేళ చూసినా లోపల ఇద్దరే ఉంటారు. లెక్క సరిపోయింది.

ముగ్గురం వెళ్ళొచ్చు. పైడితల్లి కూడా వస్తేనే.

అంటే పగలంతా హైమ, పైడితల్లి ఒకే తెరలో. హైమ చేతి ముద్ద పైడితల్లి తింటుంది. మధ్యాహ్నం వేడికి నిద్ర పట్టకపోతే కబుర్లు చెప్పుకుంటారు. నేను బురదలో వంగి ఉంటాను, నవ్వులు వినిపిస్తుంటాయి.

చెప్పను. ఓడ వెళ్ళిపోనీ. ఎవరికీ లేకపోతే నాకూ అక్కర్లేదు.

నావ నెల, రెండో మంగళవారం

చెప్పేశాను. మంచితనంతో చెప్పానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, ఈ పుస్తకంలో మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంటశాలకి కట్టెలు వేయడానికి వెళ్ళాను. పొయ్యి పక్కన వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. పైడితల్లి ఏడుస్తోంది. అంత మనిషి, ముక్కు చీదుకుంటూ. "అక్కడ నేను నాటినవి మోకాలెత్తు వచ్చుంటాయే. చూసుకుందామనుకున్నాను," అంటోంది. హైమ దాని తల తన భుజం మీదికి లాక్కుని, చెంగుతో ముఖం తుడుస్తూ, తనూ ఏడుస్తోంది. ఏడాదంతా ఇలాగే కలిసి ఏడుస్తారు. కలిసి ఏడ్చినవాళ్ళని ఏ ఓడా విడదీయలేదు. అది నేను ఒక్క క్షణం కూడా చూడలేకపోయాను.

కట్టెల మోపు కింద పడేశాను. "చాలించండి. ముగ్గురం వెళ్ళొచ్చు. నాది పగలు, దానిది రాత్రి. బుర్ర ఉన్నవాళ్ళు పలక చూస్తే తెలిసేది," అని అరిచాను.

ఇద్దరూ తలెత్తారు. నేను బొగ్గుతో నేల మీద ఎనిమిది గీతలు గీసి చూపించాను. పైడితల్లి గీతలు చూసింది, నన్ను చూసింది.

"ఇది నీకెప్పుడు తట్టిందే?"

"ఇప్పుడే."

"ఎప్పుడు?"

"... ఆదివారానికి ముందే."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే నాకు బాగుండేది కూడా. ముక్కు తుడుచుకుని, "ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్నావా? ఒలే, నేనైతే ఓడ వెళ్ళేదాకా చెప్పకపోదును," అంది.

హైమ నవ్వలేదు. "సంధ్యవేళ?" అని అడిగింది. "పగటి దోమా ఉంటుంది, రాత్రి దోమా మొదలవుతుంది. అప్పుడెవరు బయటుంటారు?"

అది నేను ఆలోచించలేదు. ఆలోచించినది హైమ. "అప్పుడు ముగ్గురం తెరలోనే ఉండాలి. ఇరుక్కుని," అంది.

ముగ్గురం అలాగే బొగ్గు చేతులతో ఆసుపత్రికి వెళ్ళాం. మావయ్య నా గీతలు పలకతో పోల్చి చూసుకుని, ఓడ పెద్దకి కబురు పెట్టాడు. ఓడ పెద్ద సాయంత్రానికి వచ్చి ఒకే ప్రశ్న వేశాడు. "తిండి, తెర ఇద్దరివే ఇస్తాను. ముగ్గురూ సర్దుకుంటారా?"

"సర్దుకుంటాం," అంది హైమ.

"సరే. ఎవరికి ఎవరు జంట? పేరు చెప్పాలి, అది ఆచారం."

హైమ వైపు చూశాను. అది మావయ్య వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "టీకాల ప్రకారమైతే, తరంగిణికి జంట పైడితల్లే. ఒకరి చోటు ఒకరు నింపుతున్నది వాళ్ళిద్దరే. వాళ్ళిద్దరూ కలిసి హైమకి జంట."

గట్టిగా చెప్పమన్నారు. ఆ పేరు నా నోటితో గట్టిగా చెప్పాను. నాలుక మీద వేపాకు పెట్టుకున్నట్టుంది.

బురద నెల, మొదటి శనివారం. ఉడుకుసీమ

వచ్చి వారం దాటింది. రాయడానికి ఇప్పటికి వీలు చిక్కింది. చేతివేళ్ళ మధ్య చర్మం నానిపోయి తెల్లగా ఊడుతోంది. ఇక్కడ గాలికి కూడా చెమట పడుతుంది. దోమని చూశాను. కాళ్ళకి పట్టీలున్న మాట నిజమే. ముంజేతి మీద వాలితే చంపకుండా కాసేపు చూశాను, అది కుట్టింది, నాకేం కాలేదు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

పగలు నేననుకున్నట్టే ఉంది. మధ్యాహ్నం హైమ ముద్దలు చేసి తెర అంచు ఎత్తి నాకు అందిస్తుంది. వెనక పైడితల్లి గురక వినిపిస్తుంది. కబుర్లు చెప్పుకుంటారని భయపడ్డాను గానీ, రాత్రంతా మేలుకున్న మనిషి చచ్చినట్టు నిద్రపోతుంది. రాత్రి నేనూ అంతే. ముద్ద నోట్లో ఉండగానే నిద్ర పడుతుంది. హైమ కోసం కొట్టుకున్న ఇద్దరం దాని పక్కన నిద్ర తప్ప ఏమీ చేయడం లేదు.

మేలుకుని ముగ్గురం కలిసేది సంధ్యవేళ ఒక్కటే. చీకటి దిగేదాకా ఇద్దరి తెరలో ముగ్గురం. ఏ దోమ సూదీ లేని హైమ నడుమ, మేమిద్దరం అంచుల్లో, ఒళ్ళు తెరకి తగలకుండా లోపలికి వంగి. అప్పుడే నేను పైడితల్లికి పని అప్పగించాలి.

"పడమటి వరసలో పీతలు వేరు కొరికేస్తున్నాయి," అన్నాను ఈ సాయంత్రం.

"ఎర్ర పీతలా, ముళ్ళ పీతలా?"

"ఎర్రవి. నాలుగు మొక్కలకి వెదురు గొట్టం తొడిగాను. నీళ్ళు పోటెత్తినప్పుడు చూడు, గొట్టం తేలిపోతుందేమో."

"తేలదే, అడుగున రాయి కట్టు. నా పాత మొక్క చూశావా, వాలిపోయినది?"

"నిలబెట్టాను. కొత్తాకు వేసింది. రాత్రి దీపం పట్టి చూడు, జిగురు మెరుస్తుంది."

పైడితల్లి హైమ తల మీదుగా చేయి చాపి నా భుజం చరిచింది. మేమిద్దరం దాని మీదుగా వంగి మాట్లాడుకుంటున్నాం. అది గిన్నెలో గరిటె పెట్టుకుని కూర్చుంది. ఇన్ని రోజుల్లో దానికి బురదలో అడుగు పెట్టే వీల్లేదు. ముసుగులో బావికి, బావి నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి తెరకి. మొక్క ఎంత ఎత్తు వచ్చిందో దానికి తెలియదు.

"అన్నం చల్లారిపోతోంది," అంది.

"ఒక్క నిమిషమే," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఒకేసారి అన్నందుకు నవ్వొచ్చింది మాకు.

హైమ నవ్వలేదు. "ఎప్పుడూ పీతలే. మీ ఇద్దరికీ ఒక భాష వచ్చేసింది. తెరలో ఉన్నంతసేపైనా నాకు తెలిసిన మాట మాట్లాడకూడదా?" అంది. గరిటె పట్టిన వేళ్ళు బిగుసుకున్నాయి, చూపు మా ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరుగుతోంది, ఎవరి మీద కోప్పడాలో తెలియనట్టు.

ఆ మంట ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో నాకు అణువణువూ తెలుసు. ఒక్క మాటతో దాన్ని చల్లార్చవచ్చు. ఈ రోజు బావి దగ్గర ఏం చూశావు అని అడిగితే చాలు.

అడుగుదామనే నోరు తెరిచాను.

"తూర్పు వరస సంగతి చెప్పడం మరిచిపోయాను," అన్నాను పైడితల్లితో, ఇంకొంచెం ముందుకి వంగి.

పైడితల్లి కూడా వంగింది. తూర్పు వరస సంగతి కావలసిన దానికన్నా చాలా వివరంగా, చీకటి పడేదాకా చెప్పాను.